ఒకేలా తప్పిన మూడు చీమలు

"ఇక మీరు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోవచ్చు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గెలిచినవాడి నవ్వు ఒకటి నవ్వి.

విశ్రాంతి అనే మాట చెవిన పడితేనే నాకు అరికాళ్లు దురదపెడతాయి. అందులోనూ ఆ మాట అన్నవాడు ఒకప్పుడు డిపార్ట్‌మెంటులో నా కింద పనిచేసినవాడు. వేలిముద్రలు ఎలా తియ్యాలో చెయ్యి పట్టుకుని నేర్పించాను. బాగానే నేర్చుకున్నాడు గానీ, నేను ఉద్యోగం మానేసి సొంత డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక తెలివంతా ఫైళ్లు మూయడానికే వాడుతున్నాడు.

ఇవాళ మూయబోతున్న ఫైలు ఒక అమ్మాయిది. వారం కిందట ఫోను ఇంట్లోనే వదిలేసి బయటికెళ్లింది, మళ్లీ రాలేదు. ఆమె జీన్లు చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు బట్టలు కుడుతుందేమో అనుకున్నాను. కాదట. సొంతంగా రాసి, బొమ్మలేసి, అచ్చేసి, మడిచి, పిన్నులు కొట్టి అమ్ముకునే అరచేతంత పుస్తకాలట. వాటి మీద తన పేరు వేసుకోదు. అట్ట మీద ఒక చీమ ఉంటుంది, ఒళ్లు నలుపు, పొట్ట ఎరుపు. అందుకని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఆమెను చీమ అనే పిలుస్తారు.

మేం నిలబడ్డది అలాంటి పుస్తకాలు అమ్మే దుకాణంలో. అంకెల్లేని గడియారం, చేప ఆకారంలో స్టేప్లర్, విప్పితే గది ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరుచుకునే పుస్తకం, ఇలాంటివన్నీ ఉన్నాయి. వీటన్నింటి మధ్య కౌంటరు మీద, ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ సంచిలో, చీమ పన్నెండో సంచిక కాపీలు మూడు. పొద్దున వాకిలి దగ్గర ర్యాకులో ప్రత్యక్షమయ్యాయి.

"కనపడకుండా పోయిన మనిషి కొత్త పుస్తకం వేసి తెచ్చి పెట్టిందంటే ఏంటర్థం మేడమ్? బతికే ఉంది, బానే ఉంది, ఇంటికి రావడం ఇష్టం లేదు. మేజరు పిల్ల. ఇంకెక్కడి కేసు?"

"లోపల ఏముందో తిరగేశావా?"

"అట్ట చూశాను. అదే చీమ. బొమ్మల పుస్తకాలు చదివే తీరిక నాకెక్కడిది?"

పక్కనే ఆ అమ్మాయి అన్న నిలబడి ఏడుస్తున్నాడు. నాకు కేసు అప్పగించింది ఆయనే. కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. కళ్లద్దాలు తుడిచే గుడ్డతోనే కళ్లూ తుడుచుకున్నాడు పాపం, చేతి అలవాటు.

"చాలండీ. చెల్లి క్షేమంగా ఉంది, నాకదే చాలు. ఇక వెతకడం ఆపేద్దాం," అన్నాడు. "అమ్మకి ఫోను చేసి చెప్పాను. వారం తర్వాత రెండు ముద్దలు తిందటండీ."

ఆ తల్లి తిన్నందుకు నాకూ సంతోషమే వేసింది. కానీ కాలు మాత్రం నిలవలేదు. కేసు పూర్తయితే నా ఒళ్లు చల్లబడుతుంది. ఇవాళ చల్లబడలేదు. దుకాణం ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగి, యజమానురాలి ముందు ఆగాను. ముప్ఫై దాటిన మనిషి. జీన్లు చేసేవాళ్లంతా ఆమెను అక్క అంటారు.

"వీటిని ఎన్నింటికి చూశావు?"

"పన్నెండింటికి ఆంటీ. ర్యాకు దులుపుతుంటే కనపడ్డాయి."

ఆంటీ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు మండించుకునే టైము లేదు.

"షట్టరు ఎత్తింది?"

"తొమ్మిదిన్నరకి."

"ఈ మధ్యలో ఎవరు పెట్టారో చూడలేదా?"

"వాకిలి దగ్గర ర్యాకు నమ్మకం మీద నడుస్తుంది ఆంటీ. కావలసినవాళ్లు జీను తీసుకుని డబ్బాలో డబ్బులేసి పోతారు. చేసినవాళ్లు వచ్చి వాళ్ల కాపీలు వాళ్లే సర్దుకుంటారు. నేను కౌంటర్లోంచి తల కూడా ఎత్తను."

"చీమవి పాత సంచికలు ఉన్నాయా? ఒకే సంచికవి నాలుగైదు కాపీలు కావాలి."

ఆమె తొమ్మిదో సంచికవి నాలుగు తెచ్చింది. కౌంటరు మీద వరసగా పేర్చాను. మొదటి కాపీలో చీమ ఎర్రపొట్ట నల్లగీత దాటి కాస్త కుడికి జరిగింది. రెండోదాంట్లో కిందికి జారింది. మూడోది సరిగ్గా కూర్చుంది. నాలుగోదాంట్లో పొట్ట వీపెక్కింది.

"ఇదేంటి, తాగి అచ్చేసినట్టుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అక్కకి కోపం వచ్చింది. "మా మిషన్లో రంగుకో డ్రమ్ము ఉంటుంది సార్. ముందు నలుపు వేస్తాం. తర్వాత డ్రమ్ము మార్చి, అదే కాగితాన్ని మళ్లీ లోపలికి తోసి ఎరుపు వేస్తాం. రెండోసారి తోసినప్పుడు కాగితం వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. ఏ రెండు కాపీలూ ఒకేలా రావు. దాని అందమే అది!"

నేను ఇన్‌స్పెక్టర్ సంచి విప్పి కొత్తవి మూడూ వాటి కింద పేర్చాను. అతను 'మేడమ్, ఎవిడెన్సు' అని గొణిగాడు. గొణగనిచ్చాను.

మొదటి చీమ పొట్ట ఎడమవైపు పైకి జరిగి ఉంది. రెండో చీమదీ ఎడమవైపు పైకే. మూడోదీ అంతే. వేలుగోరు పెట్టి కొలిచాను. వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

"మూడూ ఒకేలా తప్పాయి," అన్నాను.

అక్క నోరు తెరిచింది. పాత కాపీ మీద నా బొటనవేలు పెట్టి రుద్దితే ఎరుపు అంటుకుంది. కొత్తదాని మీద రుద్దితే వేలు శుభ్రంగానే ఉంది.

"మీ భూతద్దం ఒకసారి ఇస్తారా?" అని అన్నగారిని అడిగాను. కంటికి బిగించుకునే చిన్న భూతద్దం ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఒక క్షణం తటపటాయించి ఇచ్చాడు.

అద్దంలోంచి చూస్తే ఎరుపు ఎరుపులా లేదు. గులాబీ, పసుపు చుక్కల రద్దీ. నలుపులో కూడా నీలం చుక్కలు. వెనక అట్ట మూలన ఇంకొకటి కనపడింది. ఒక బూడిదరంగు నీడ, అంచు రంపపు పళ్లలా ఉంది. ఏదో వస్తువు కొస జిరాక్సు మిషను అద్దం మీద ఉండిపోగా పడినట్టుంది. మూడు కాపీల్లోనూ అదే మూల, అదే నీడ. అదేమిటో నాకు అప్పుడు తట్టలేదు. బయటికి చెప్పలేదు.

"ఇవి కలర్ జిరాక్సులు. ఒక్క అసలు కాపీ పెట్టి మూడూ తీశారు."

"అయితే ఏమైంది మేడమ్? మిషను దగ్గరికి రాలేక ఆ పిల్లే జిరాక్సు తీసుకుని ఉంటుంది."

"చీమ జిరాక్సు తియ్యదు సార్," అంది అక్క. "చచ్చినా తియ్యదు." ఆ మాట అనేసి వెంటనే నాలుక కరుచుకుంది.

"విన్నావుగా? జిరాక్సు తీసింది ఇంకెవరో. వాళ్ల దగ్గర అసలుది ఉంది. అసలుది వాళ్ల చేతికి ఎలా వచ్చిందో తెలిస్తే అమ్మాయి ఎక్కడుందో తెలుస్తుంది. ఫైలు తెరిచే ఉంచు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "ఎవడో అభిమాని సరదాగా చేసిన పనికి నేను ఫైలు తెరవాలా? కథలల్లడం మీ దగ్గరే నేర్చుకోవాలి మేడమ్. బొమ్మల పుస్తకాలు వేసుకునే పిల్లతో ఎవడికేం పని? డబ్బుందా, శత్రువులున్నారా? ఒక్క కారణం చెప్పండి, ఇప్పుడే మనుషుల్ని దింపుతాను."

మంచి ప్రశ్నే. నేను నేర్పిన ప్రశ్నే. జవాబు మాత్రం నా దగ్గర లేదు, అందుకే ఇంకా చిర్రెత్తింది. "మిషను గది చూపించు," అన్నాను అక్కతో.

దుకాణం వెనకగది ఇరుకుగా, ఇంకు వాసనతో ఉంది. మధ్యలో మిషను. ఎదురుగోడ నిండా పిన్నులు గుచ్చిన జీన్లు.

"తొలి కాపీలు ఆంటీ. ఎవరు ఏది వేసినా, సరిగ్గా వచ్చిన మొదటి కాపీ మిషనుదే. అమ్మకూడదు, ఇవ్వకూడదు. అది మా కట్టుబాటు."

చీమవి పది వరసగా ఉన్నాయి. పదకొండో చోట పిన్నొక్కటే ఉంది. కింద కాగితం ముక్క చిరిగి వేలాడుతోంది. ఎవరో లాగినట్టుంది.

"పదకొండోది ఏమైంది?"

అక్క పిన్ను వైపు చూసి తడబడింది. "ఇది... నేను గమనించనేలేదు ఆంటీ. పదకొండోది బయట కూడా ఒక్కటీ లేదు. ఒకాయన వచ్చి అన్నీ కొనేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఇంత బాగా ఎవరు చేశారమ్మా, ఒకసారి కలిసి అభినందించాలి అన్నాడు. చీమవి అన్నీ అమ్ముడుపోవడం అదే మొదటిసారి. సంబరంలో... మంగళవారాలు అచ్చుకి వస్తుందని చెప్పాను. గది కూడా చూపించాను."

"తర్వాతి మంగళవారం ఆ అమ్మాయి వచ్చిందా?"

"వచ్చింది. ఆ సాయంత్రమే కనపడకుండా పోయింది." ఆమె ఆ ఖాళీ పిన్నును వేలితో తడిమింది. "ఈ రెండూ కలిపి చూసుకోలేదు ఆంటీ. అభిమాని అనుకున్నాను."

"పదకొండో సంచికలో ఏముంది?"

"లేబుళ్లు. సీసాల మీద అంటించేవి. దానికి అవంటే పిచ్చి. ఎక్కడ ఖాళీ సీసా కనపడినా నీళ్లలో నానబెట్టి లేబులు ఊడదీస్తుంది. ఏ అక్షరం వంకర పోయింది, ఏ రంగు పక్కకి జరిగింది, అన్నీ రాస్తుంది. అందులో బొమ్మలే తప్ప ఇంకేం లేవు."

ఒక్క కాపీ కూడా మిగలకుండా కొన్నవాడికి బొమ్మల మీద అంత మోజు ఉందంటే నేను నమ్మను. గది నలుమూలలా చూశాను. మిషను పక్కన నడుం ఎత్తు కాగితాల దొంతర ఉంది. మసిబారినవి, వంకర పడ్డవి, రంగు చాలనివి.

"ఇవేంటి?"

"చెడిపోయిన అచ్చులు. కొన్న వస్తువులు వీటిలోనే చుట్టి ఇస్తాం. ఆ కాగితం కోసమే వచ్చి కొనేవాళ్లు కూడా ఉన్నారు."

నేను నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్లు తిట్టాయి. నేనూ, అక్కా, మా వెనకే వచ్చిన అన్నగారూ కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాం. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి, "కొండను తవ్వి ఎలుకను పట్టే కార్యక్రమమా?" అన్నాడు. ఎలుక అక్క చేతికి దొరికింది. చీమ పదకొండో సంచిక, ఇంకు చాలక సగం పలచబడిన కాగితం.

దాని మీద రెండు లేబుళ్లు పక్కపక్కన ఉన్నాయి. పిల్లల జ్వరం మందు. అదే పేరు, అదే నవ్వే పాపాయి. కింద చీమ చేతిరాత: 'ఈ రెండూ కవలలు కావు. మొదటిదాంట్లో పాపాయి బుగ్గ ఎరుపు గీత లోపలే ఉంది. రెండోది మరో అచ్చులో పుట్టింది, బుగ్గ చెవి మీదికి పోయింది. ఇలాంటివి నాకు ఏడు దొరికాయి. పాపం ఎవరో గానీ తొందరలో ఉన్నట్టున్నారు.'

దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాను. "కారణం అడిగావుగా? ఒకే మందుకి రెండు అచ్చులెందుకుంటాయి? ఒకటి కంపెనీది. రెండోది దొంగమందు పోసి అంటించేవాళ్లది. పిచ్చితల్లి, అందం చూసి మురిసిపోయింది. తన చేతిలో ఉన్నది దొంగల జాతకమని తెలియలేదు."

అతను ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. నవ్వు ఎప్పుడో పోయింది.

"మా పాపకి ఇదే పోస్తాం మేడమ్," అన్నాడు. "మొన్న మూడు రోజులు పోసినా జ్వరం తగ్గలేదు."

నాకు అతని మీద ఉన్న కోపం సగం అక్కడే కరిగింది. మిగతా సగం తర్వాత చూసుకుందామని లేచాను. అప్పుడు నా కన్ను అన్నగారి మీద పడింది. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చెమట తుడుచుకోవడానికి జేబులోంచి మళ్లీ ఆ గుడ్డ తీశాడు. కళ్లద్దాలు తుడిచే నీలంగుడ్డ. నూలు ఊడకుండా అంచంతా రంపపు పళ్లలా కత్తిరించి ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నా చూపు గమనించి గుడ్డను చప్పున గుప్పిట్లో దాచాడు.

"కేసు ఒప్పుకున్న రోజు మీ షాపు మూలన కలర్ జిరాక్సు మిషను చూశాను కదూ?" అన్నాను.

ఆయన గోడకి చేరగిలబడ్డాడు.

"జిరాక్సు తీసేటప్పుడు ఈ గుడ్డ కొస అద్దం మీద పడింది. మూడు కాపీల వెనకా దాని నీడ ఉంది. పొద్దుట్నుంచీ చెల్లెలి కోసం ఏడుస్తున్నారు గానీ, చెల్లెలి కొత్త పుస్తకం ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు మీరు. ముందే చూసేశారు కాబట్టి. అసలుది ఎలా వచ్చింది? చెప్పండి, టైము లేదు."

"మొన్న ఎవరో కళ్లజోడు పెట్టె ఇచ్చి, అద్దాలు మార్చాలని చెప్పి వెళ్లారండీ. తెరిస్తే కళ్లజోడు లేదు, ఇది ఉంది." మాటలు ఆయన నోట్లోంచి ఒక్కొక్కటే వచ్చాయి. "ఖాళీగా కూర్చోలేదండీ అది. దాక్కున్న చోట మిషను లేదుగా, రబ్బరు ముక్కలు చెక్కి ముద్రలు వేసింది. నలుపు ఒకసారి, ఎరుపు ఒకసారి. వెనక పెన్సిలుతో రాసింది. పుస్తకాలన్నీ కొన్నాయన తన వెంటే తిరుగుతున్నాడనీ, పోలీసులకి చెబుదామని వెళ్తే స్టేషన్ ఎదురుగానే నిలబడి ఉన్నాడనీ. అమ్మకి చెప్పు, ఎవరూ నాకోసం వెతకొద్దు, వెతికేవాళ్ల వెనకాలే వాడు వస్తాడు అని రాసింది. అది చెరిపేసి జిరాక్సు తీశాను."

"తీసి ఇక్కడ పెట్టారు."

"మీరు వెతకడం ఆపరు. సార్ కూడా ఫైలు మూయాలి. కొత్త పుస్తకం కనపడితే ఎక్కడో బానే ఉందనుకుని అందరూ ఇళ్లకి పోతారనుకున్నాను. షట్టరు ఎత్తగానే వచ్చి నాలుగు పెట్టి వెళ్లిపోయాను."

కౌంటరు మీద నేను పేర్చింది మూడే.

"ఎన్ని పెట్టారు?" అన్నాను.

"నాలుగండీ."

అక్క వాకిలి వైపు పరిగెత్తింది. ర్యాకు దులిపింది, దాని వెనక చూసింది, డబ్బా బోర్లించింది. నాణేల మధ్య ఒక కొత్త నోటు మడతపెట్టి ఉంది.

"మూడే ఉన్నాయి ఆంటీ. ఒకటి ఎవరో తీసుకెళ్లారు."

"ఎవరైనా పాఠకులై ఉండొచ్చు కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ ఆ గొంతులో ధీమా లేదు.

"నా దుకాణానికి వచ్చేవాళ్ల సంగతి మీకు తెలియదు సార్," అంది అక్క. "చీమ తప్పిపోయిందని ఇక్కడ అందరికీ తెలుసు. కొత్త సంచిక కనపడితే అరిచి గోల చేసి నన్ను కౌగలించుకుని పోతారు. నోరెత్తకుండా తీసుకుని పోయేవాడు మావాడు కాదు."

అప్పటిదాకా నేను ఆ పుస్తకంలో రంగులే చూశాను, చుక్కలే చూశాను, నీడలే చూశాను. నా తెలివికి నాకే సిగ్గేసింది. ఒక కాపీ అందుకుని మొదటి పేజీ తిప్పాను.

పేరు 'నా కిటికీ'. పొట్టి పొట్టి పేజీలు. ఒక్కో పేజీలో కిటికీలోంచి కనపడే ఒక్కో వస్తువు. మూడు కాళ్లకి తెల్లరంగు, నాలుగో కాలికి తుప్పు ఉన్న నీళ్ల ట్యాంకు. ఎదురుమేడ గోడ మీద సగం చెరిగిన మేజోళ్ల ప్రకటన. ఇనుప మెట్లు, వాటిలో ఒకటి లేదు. ప్రతి గీతా ఎంత ప్రేమగా, ఎంత పొల్లుపోకుండా గీసిందో! చివరి పేజీలో ఆ మెట్ల మీద పాకుతున్న చీమ, కింద ఒక్క వాక్యం: 'అమ్మా, ఎండ బాగా వస్తుంది, నేను బానే ఉన్నాను.'

ఇన్‌స్పెక్టర్ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"ఈ ట్యాంకు నాకు తెలుసు," అన్నాడు. "పాత సబ్బుల ఫ్యాక్టరీ వెనకది. మేజోళ్ల ప్రకటన దానికి ఎదురుగా ఉంటుంది. అంటే మూడో అంతస్తు, మూల గది."

అన్నగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "అది గది బొమ్మలే కదండీ... ఊరి పేరు లేదు, వీధి పేరు లేదు. నేనే పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను." చెల్లెల్ని దాచిపెడదామని, తలుపు మీద అడ్రసు రాసి వచ్చాడు.

"నువ్వు గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టింది?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగాను.

అతను అప్పటికే జీపు తాళాలు తీసి, రేడియోలో మనుషుల్ని పిలుస్తూ వాకిట్లోకి పరిగెడుతున్నాడు. నా మోకాళ్లు కూడా తిట్టడం మరిచిపోయి వెనకాలే పరిగెత్తాయి.

జీపు ఎక్కుతూ గడియారం చూశాను. రెండు దాటింది. మేమంతా ఆ పుస్తకాన్ని వేలితో రుద్దాం, భూతద్దంలో చూశాం, ప్లాస్టిక్ సంచిలో భద్రం చేశాం. దాన్ని పుస్తకంలా తెరిచి చదివినవాడు ఒక్కడే. వాడు చదివి అప్పటికే రెండు గంటలు దాటింది.